దగ్గరివాళ్లు తీర్పు చెప్పకూడదా?

మీ పిల్లలకు మీవాళ్లే పాఠం చెప్పాలంటారు, మీ గొడవలు మీ సంగతి తెలిసినవాళ్లే వినాలంటారు, అట్లాగైతే పక్షపాతం రాదా అని బయటివాళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. ఇరవై ఏళ్లుగా ఏజెన్సీ బడుల్లో పనిచేస్తున్న మాకు ఈ ప్రశ్న పాతదే. దీనికి జవాబు వెతుక్కుంటూ మేము అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం దాకా వెళ్లాం. చదువుతూ వెళ్లాం లెండి, విమానం మాకెక్కడిది!

ఇది వాళ్ల రాజధాని వాషింగ్టన్ కాదు. పడమటి సముద్రం ఒడ్డున ఉన్న రాష్ట్రం. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంతంగా ఒక సుప్రీంకోర్టు ఉంటుంది. ఈ రాష్ట్రపు కోర్టులో తొమ్మిదిమంది కూర్చుంటారు. వాళ్లను జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. పార్టీ గుర్తు ఉండదు, పదవి ఆరేళ్లు. ఎవరైనా మధ్యలో తప్పుకుంటే ఆ ఖాళీని గవర్నరు నింపుతాడు. అట్లా వచ్చినవాళ్లు తర్వాతి ఎన్నికల్లో జనం ముందు నిలబడాలి. 2019లో మేరీ ఫెయిర్‌హర్స్ట్ అనే న్యాయమూర్తి అనారోగ్యంతో తప్పుకుంటుంటే, ఆ డిసెంబరులో గవర్నరు జే ఇన్‌స్లీ రాకెల్ మోంటోయా-లూయిస్‌ను ఎంపిక చేశారు. 1889లో రాష్ట్రం ఏర్పడ్డాక ఆ కోర్టులో ఒక ఆదివాసీ కూర్చోవడం అదే మొదటిసారి.

ఆమె న్యూమెక్సికోలోని ఇస్లెటా ప్యూబ్లో జాతి మనిషి. లగూనా జాతి నెత్తురు కూడా ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంతోపాటు సమాజసేవ చదువు కూడా చదివారు. బెల్లింగ్‌హామ్‌లో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. లమ్మీ, నూక్సాక్, అప్పర్ స్కాజిట్ జాతుల సొంత కోర్టుల్లో ఏళ్ల తరబడి న్యాయమూర్తిగా పనిచేశారు. 2014 చివర్లో ఇదే గవర్నరు ఆమెను వాట్కమ్ కౌంటీ కోర్టుకు నియమించారు. అక్కడినుంచే పై కోర్టుకు వెళ్లారు.

ఇక్కడ ఒక సంగతి మమ్మల్ని ఆపింది. ఆమె ఇస్లెటా మనిషి, తీర్పు చెప్పింది లమ్మీవాళ్లకు. వేరే నేల, వేరే భాష. మన దగ్గర కోయ పంతులు సవర గూడెం బడికి వెళ్తే ఎట్లా ఉంటుందో అట్లా. ఆదివాసీ అన్నంతమాత్రాన అందరం ఒకటే అని బయటివాళ్లు అనుకుంటారుగానీ, ఆ పంతులుకు మొదటిరోజు పిల్లల మాట ఒక్కటీ అర్థం కాదు. కానీ తనకు తెలియదన్న సంగతి అతనికి తెలుసు. తెలుగు రాక వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చున్న రోజులు అతనికీ ఉన్నాయి కాబట్టి, మాట్లాడని పిల్లను మొద్దు అనడు. ముందు అడుగుతాడు. దగ్గరితనం అంటే మేము చెప్పేది ఇదే. నెత్తురు సంబంధం తర్వాత సంగతి.

గూడెం పంచాయితీలో కూర్చునే పెద్దకు రెండువైపులా చుట్టాలే. ఒకడు మేనల్లుడైతే ఇంకొకడు వియ్యంకుడు. చుట్టరికం లేని పెద్దను తేవాలంటే ఏ ఊరినుంచి తెస్తాం? మా పెద్దలు చూసే గుణం వేరు. తన మేనల్లుడిది తప్పని నలుగురి ముందు అనగలిగిన మనిషేనా అని చూస్తారు. అట్లా అనలేని పెద్దలు కూడా ఉన్నారు, మేము కళ్లారా చూశాం. మద్యానికి అమ్ముడుపోయినవాళ్లనూ చూశాం. మనదంతా బంగారమని చెప్పబోవడం లేదు.

మరి జడ్జీని ఎవరు ఏరాలి? జనమే ఎన్నుకోవాలని వినడానికి బాగుంటుంది. కానీ అదే రాష్ట్రంలో 2012లో స్టీవెన్ గొన్జాలెజ్ అనే న్యాయమూర్తి పోటీ చేస్తే, ప్రచారమే చేయని ప్రత్యర్థికి చాలా కౌంటీల్లో ఆయనకన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. పరాయిగా వినిపించే ఇంటిపేరే కారణమని చాలామంది అన్నారు. మొత్తం మీద గెలిచారనుకోండి. ఆదివాసులు కొద్దిమందే ఉన్నచోట ఉత్త ఓట్ల మీదే వదిలేస్తే ఆ తలుపు ఎన్నేళ్లకు తెరుచుకునేదో! మోంటోయా-లూయిస్‌కు గవర్నరు తలుపు తీశాడు, 2020 నవంబరులో జనం ఓట్లేసి నిలబెట్టారు. మన దేశంలో పై కోర్టుల జడ్జీల పేర్లను సీనియరు జడ్జీలే సూచిస్తారు. ఆ గదిలో ఎవరి పేరు ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో మా గూడేలకు తెలిసే దారి లేదు. రెండు పద్ధతుల్లోనూ లోపం ఉంది. అయితే మొదటిదాంట్లో కనీసం పేరు గోడ మీద కనిపిస్తుంది.

ఇప్పుడు చేపల సంగతి. 1855 ఒప్పందంలో యాకమా జాతి తన నేలను చాలావరకు వదులుకుని, అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కును మాత్రం ఉంచుకుంది. 1915లో అలెక్ టౌస్‌నూట్ అనే యాకమా మనిషి యాకిమా నదిలో కొక్కెం కట్టిన కర్రతో చేపలు పట్టాడని కేసు పెట్టారు. కింది కోర్టు కొట్టేసింది. 1916లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది. ఆదివాసి ప్రమాదకరమైన పసివాడివంటివాడు, కాపాడాలి, అదుపులోనూ పెట్టాలి అన్న అర్థంలో రాసింది. ఆ రాత నూటనాలుగేళ్లు అట్లాగే ఉంది. టౌస్‌నూట్ వారసులు అడగగా, 2020 జూలైలో అదే కోర్టు ఆ తీర్పు తప్పని, అందులోని మాటలు అన్యాయమని చెప్పి దాన్ని తుడిచేసింది. అప్పటికి ఆ తొమ్మిదిమందిలో మోంటోయా-లూయిస్ ఒకరు. ఆమె ఒక్కరివల్లే జరిగిందని మేము అనం. కానీ ఆ మాటలు ఎవరి తాతల గురించి రాశారో, ఆ జనంలోని మనిషి పక్కన కూర్చుని ఉన్నప్పుడు వాటిని చదవడం వేరుగా ఉంటుంది.

అదే ఏడాది ఏప్రిల్ 22న మన సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో పంతులు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో అది. మాలో చాలామందిమి ఆ జీవోతోనే బడిలో అడుగుపెట్టాం. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లను షరతులతో ఉండనిచ్చారు. నూటికి నూరు పాళ్లు రిజర్వేషను చెల్లదన్న వాదన మాకు అర్థమవుతుంది, వాదించుకోదగ్గదే. మమ్మల్ని గుచ్చింది వేరే. ఆ తీర్పులో మా బతుకును ఆదిమకాలపు బతుకుగా, మామూలు చట్టాల కింద ఇమడని బతుకుగా వర్ణించారు. బయటి పంతుళ్లు బడికి రాకపోబట్టే ఆ జీవో వచ్చింది. తలుపులు మూసిన ఆ బడిని ఒక్కరోజు చూసిన మనిషి అక్కడ ఉంటే ఆ వాక్యం అట్లాగే పడేదా?

2020 సెప్టెంబరులో మోంటోయా-లూయిస్ రాసిన తీర్పు పిల్లల గురించి. ఆదివాసీ పిల్లల్ని ఇళ్లనుంచి లాక్కుపోయి బయటివాళ్లకు ఇచ్చిన చరిత్ర అక్కడ చాలా ఉంది. దాన్ని ఆపడానికి 1978లో చట్టం చేశారు. ఒక బిడ్డకు ఏదో జాతితో సంబంధం ఉండొచ్చని ఎవరైనా చెప్పగానే కోర్టు ఆ చట్టం ప్రకారం నడుచుకోవాలని, మా బిడ్డ అవునా కాదా అన్నది ఆ జాతే తేల్చాలని ఆమె రాశారు. కాగితం తెచ్చాక చూద్దాం అనకూడదన్నమాట. కుల ధ్రువీకరణ పత్రం కోసం పిల్ల చెయ్యి పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగిన తల్లులకు ఈ తీర్పు విలువ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. మిగతా న్యాయమూర్తులంతా దానికి ఒప్పుకున్నారు. ఇందులో పక్షపాతం ఎక్కడుందో వెతికాం, కనబడలేదు. తెలిసిన మనిషి తెలిసింది రాసింది, తెలియనివాళ్లు చదివి ఒప్పుకున్నారు.

రేపు ఆమె ఏదో ఒక జాతికి వ్యతిరేకంగా తీర్పు చెప్తే ఏమంటారు అని మా తోటి పంతులమ్మ అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. బాధ పడతాం, నిజమే. మేనల్లుడిది తప్పన్న పెద్దతో ఆ ఇల్లు ఆరునెలలు మాట్లాడకపోవడం కూడా మేము చూశాం. తర్వాతి పంచాయితీకి మళ్లీ ఆయన్నే పిలిచారు.