మృగసేనుని మొదటి చేప



గడచిన పర్యూషణ దినములలో మా తమ్ముని కుమారుడు నన్నొక ప్రశ్న అడిగినాడు. అతడు బెంగళూరులో చదువుచున్నాడు. తోడి విద్యార్థులు సెలవులలో కొడగు సీమకు పోయి కావేరిలో గాలము వేయుదురట. అతనిని గూడ రమ్మనిరి. "పెదనాన్నా, వారు చేపను చంపరు. పట్టి, తూచి, ఛాయాచిత్రము తీసికొని మరల నీటిలో విడిచిపెట్టుదురు. అనుమతి చీటీలో షరతు గూడ అదియే. చంపనప్పుడు హింస ఎక్కడిది?" అనెను. ప్రతిక్రమణమునకు వేళయైనదని చెప్పి అప్పటికి తప్పించుకొంటిని. నిజమునకు నాయొద్ద జవాబు లేదు. తరువాత వెదకికొన్న జవాబునే ఇక్కడ వ్రాయుచున్నాను. నేను పండితుడను గాను, కొట్టు నడుపుకొనువాడను. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

మొదట సంగతి తెలిసికొందము. కావేరిలోను దాని ఉపనదులలోను మహశీరు అను చేప గలదు. వడిగల నీట పెరుగును, మిక్కిలి బలము గలది. 1946లో కబినీ నదిలో వాన్ ఇంగెన్ అను మైసూరు దొర గాలముతో పట్టిన మహశీరు 120 పౌనులు తూగెను. మన లెక్కలో 54 కిలోల పైమాట. అంతటి ప్రాణి గాలమునకు తగుల్కొని గంటసేపు పెనగులాడుటయే ఈ వినోదమునందలి రుచి యని చెప్పుదురు. ఆ దినములలో పట్టినదానిని చంపుటయే వాడుక. చేపలు తగ్గిన కొలది నియమములు వచ్చినవి. భీమేశ్వరి, గాలిబోరె మొదలగు తావులలో విడిదులు వెలసి, పట్టినది విడిచి తీరవలెనను కట్టుబాటు ఏర్పడెను. అనగా ఇంటికి తీసికొనిపోవు చేపల పరిమితి సున్న.

అయినను ఆ తావులు కావేరి అభయారణ్యములోనివి. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము ప్రాణిని చంపుట మాత్రమే వేట కాదు, పట్టుట గూడ వేటయే. కావున 2012 నాటికి అక్కడ గాలపు వినోదము ఆగిపోయెను. ఇది అన్యాయమని వాదించినవారు లేకపోలేదు. తాము నదిలో తిరుగుచుండుటవలన ప్రేలుడు మందు వేసి చేపలను చంపు దొంగలకు భయముండెనని వారనిరి. ఆ మాటలో నిజము లేదని నేననను. అంతేకాదు, గాలిబోరెలో 1998 మొదలు 2012 వరకు వారు వ్రాసియుంచిన పట్టివేత లెక్కలనుబట్టియే శాస్త్రజ్ఞులొక సంగతి కనిపెట్టిరి. కావేరికి స్వంతమైన మూపు మహశీరు ఏటేట తగ్గిపోవుచు, వేరు తావునుండి తెచ్చి విడిచిన నీలిరెక్కల జాతి పెరుగుచుండెను. 2018లో ఆ మూపు మహశీరును అంతరించుటకు మిక్కిలి చేరువైన జాతులలో చేర్చిరి. పద్దు సరిగా వ్రాయువాని మేలు పద్దు ముగిసిన తరువాత తెలియునని మన వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు లోకవ్యవహారము. మా బాలుని ప్రశ్న ఇంకను అట్లే యున్నది. చంపనప్పుడు హింస ఎక్కడిది?

ఈ సందేహముతో నున్నప్పుడు, చిన్ననాట మా నాయనమ్మ చెప్పిన మృగసేనుని కథ జ్ఞప్తికి వచ్చెను. ఇది సోమదేవసూరి 959లో ముగించిన యశస్తిలకచంపువులో అహింసావ్రతమునకు ఉదాహరణముగా నున్నది. ఆ సూరి వేములవాడ చాళుక్యుల యాశ్రయమున నున్నవాడు. ఆయన ఆధీనమందలి జినాలయమునకు 966లో అరికేసరి ఒక గ్రామమును దానముచేసిన తామ్రశాసనము నేటికిని గలదు. తెలుగుగడ్డ విడిచి తరములు గడచిన మనకు, ఈ కథ మన వేములవాడ చాయలలో వ్రాయబడినదని తెలిసికొనుట సంతోషము గాదా!

మృగసేనుడు జాలరి. సిప్రా నదిలో వల వేసి బ్రతుకువాడు. ఒకనాడు ముని దర్శనమై, తనకును ఏదైన వ్రతమిమ్మని వేడెను. ముని అతని వృత్తి నెరుగును. వల పారవేయుమనలేదు. "నేడు నీ వలలో మొదట పడిన చేపను చంపకుము" అని మాత్రమే చెప్పెను. మృగసేనుడు వల వేయగా పెద్ద చేప పడెను. గుర్తుకై దానికొక గుడ్డపీలిక కట్టి విడిచెను. మరల వేయగా మరల అదే చేప. ఇట్లు ఐదుమారులు అదే పడినది, ఐదుమారులును విడిచెను. ప్రొద్దుగ్రుంకెను. వట్టి చేతులతో ఇంటికి పోగా భార్య ఘంట కోపించి తలుపు వేసికొనెను. ఆకలితో బయట పడుకొన్నవానిని పాము కరచెను. మరుజన్మమున అతడు వర్తకుని ఇంట ధనకీర్తియై పుట్టి, ఐదుమారులు మృత్యుముఖమునుండి బయటపడెను.

మా తమ్ముని కుమారునికి ఈ కథ చెప్పగా, "చూచితివా పెదనాన్నా, అతడు గూడ పట్టి విడిచినవాడే గదా!" అని నవ్వెను. చదువుకొన్న పిల్లలతో చిక్కు ఇదియే. కాని ఆ నవ్వే నాకు త్రోవ చూపెను.

మృగసేనుడు విడిచినది తన రాత్రి భోజనము. అతని నియమము అతనికి వెలబెట్టినది, ఆ వెల అతడు ఐదుమారులు చెల్లించెను. గాలపు వినోదమునకు పోవువానికి ఆకలి లేదు. విడిదిలో వంట సిద్ధముగా నున్నది. అతడు విడుచు చేప అతనికి అక్కరలేనిది. అక్కరలేనిదానిని విడుచుట త్యాగమెట్లగును? మన శాస్త్రము హింసను సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి యని నాలుగుగా విభజించి, గృహస్థుడు మొదటిదానిని తప్పక మానవలెనని చెప్పినది. జాలరి వల జీవనోపాధికై వేయుచున్నాడు. అది దోషమే అయినను పొట్టకూటి దోషము. వినోదపు గాలము తలచుకొని చేయునది, ప్రయోజనము లేనిది. మన గుణవ్రతములలో అనర్థదండవిరతి యనుట దీనిని మానుటకే. పైగా చేప పంచేంద్రియ జీవి. పెదవిలో ముల్లు దిగి, చాలసేపు పోరాడి, గాలిలో ఎత్తి చూపబడిన చేప నీట విడిచినను అలసటచే చచ్చుట గలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. విడిచినవాడు దానిని చూడడు. చూడలేదు గనుక జరుగలేదని పద్దు వ్రాసికొనును.

ఇది విని మనలో కొందరు మరియొక ప్రక్కకు పోవుదురు. "ఇన్ని చేపలు పట్టవచ్చును, ఇంత పొడవు గలవి పట్టవచ్చును, ఈ నెలలో మానవలెను అనుట ధర్మమా? అది పాపమునకు అనుమతి చీటీయే గదా" యందురు. నేనొప్పుకొనను. మన అణువ్రతములన్నియు పరిమితులే గదా. పరిగ్రహపరిమాణ మనుటలోనే పరిమాణ మున్నది. ఇంతకు మించి కూడబెట్టననువాడు, కూడబెట్టుట మానినవాడు కాదు. అయినను ముని అతనికి వ్రతమిచ్చును. శ్రావకులు విడువవలసిన పదునైదు వ్యాపారములలో చెరువులను ఎండగట్టుట యొకటి. నీటిలోని ప్రాణులను గూడ మన పూర్వులు వ్యాపారపు లెక్కలో చేర్చిరి. 1583లో హీరవిజయసూరి అక్బరు కొలువునకు పోయినప్పుడు దేశమందంతట హింస మానిపింపుమని పట్టుబట్టి కూర్చుండలేదు. పర్యూషణములో కొన్ని దినములు వధ నిలుపుట, డాబరు చెరువులో చేపలు పట్టుట మానిపించుట, ఇట్టివి దొరకినవి. ఒక్క చెరువు! ఆ మహాత్ముడు అది చాలదని త్రోసివేయలేదు.

కావున నేడు తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలు సముద్రముమీదికి పోరాదను నియమమును మనము చులకన చేయరాదు. 2015కు ముందిది 47 దినములే. యానాములోను, ఒడిశా, తమిళనాడు తీరములందును ఉన్న మన కుటుంబముల వారికి ఇది ఎరిగినదే. అయితే ఆ రెండు నెలలు మానినది ఎవరు? జాలరి. మృగసేనుని తలుపు వారి ఇండ్లలో ఏటేట మూతపడుచున్నది. ప్రభుత్వములు కొంత భృతి ఇచ్చుచున్నను అది చాలక అప్పునకు మన అరుగులెక్కుదురు. ఆ నెలలలో మనము పుచ్చుకొను వడ్డీ ఎంత? చేపలు బ్రతికినవని జీవదయ సభలో హర్షించి, వాటిని విడిచినవానియొద్ద నూటికి రెండు, మూడు రూపాయలు నెలవడ్డీ లాగుట ఏ ఖాతాలోనికి వచ్చును? మన సంఘమువారు ఆ 61 దినముల అప్పుపై వడ్డీ వదలుకొన్న, జీవదయనిధికి చందా వ్రాసినదానికంటె అది మిన్న యని నా యభిప్రాయము. కొందరికిది కష్టముగా తోచును. నాకును కష్టముగానే తోచినది.

పరులకు చెప్పుచున్నాను గనుక నా సంగతి గూడ చెప్పవలెను. మా కొట్టులో త్రాళ్లు, నైలాను దారము, ఇనుప సామాను అమ్ముదుము. నాలుగేండ్లనుండి ఒక అరలో గాలములు గూడ నుండెను. సెలవులకు వచ్చు పిల్లలు, ఉద్యోగస్థులు కొనుచుండిరి. మంచి లాభము. నైలాను దారము నేటికిని అమ్ముచున్నాను. అది బట్టలారవేయుటకు పోవునో వలకు పోవునో అడుగుట లేదు. ఈ దోషము నాపై నున్నది. గాలమునకు మాత్రము వేరు ఉపయోగము లేదు. మా బాలుడు కొడగు ప్రయాణము మానుకొన్నట్లు జాబు వ్రాసిన దినముననే ఆ అర ఖాళీ చేయించితిని. సరకు పంపినవారికి తిరిగి పంపవచ్చును, కాని వారు మరియొక కొట్టునకు పంపుదురు. అందుచేత పాత ఇనుముతో కలిపి కరగించుటకు వేయించితిని. మూడువేల చిల్లర పోయినది. దీనిని ధర్మఖాతాలో వ్రాయనా అని మా గుమాస్తా అడిగెను. వద్దు, నష్టము క్రిందనే వ్రాయుమంటిని.