పాత వస్తువు కొన్నాక లోపం బయటపడితే...

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.

 

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి మదీనా బజారులో వెళుతూ ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగారు. రాశిలోకి చేయి పెట్టి చూశారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని ఆ వర్తకుడు బదులిచ్చాడు. అలాంటప్పుడు తడిసిన గింజల్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పోయలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని ప్రకటించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

మన గోదావరి జిల్లాల వారికి ఈ హదీసును విడమరచి చెప్పనక్కర్లేదు. కోతల వేళ వాన పడితే కళ్లంలో ధాన్యం ఏమవుతుందో, రంగు మారిన గింజ రాశిలో ఎక్కడికి పోతుందో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే ఒక సంగతి గమనించండి. ఆ వర్తకుడు ధాన్యాన్ని తాను తడపలేదు. వాన కురిపించినవాడు అల్లాహ్. తడిసిన ధాన్యాన్ని తక్కువ ధరకు, తడిసిందని చెప్పి అమ్ముకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. దాచడమే అతను చేసిన నేరం.

ఈ రోజుల్లో ఆ ధాన్యపు రాశి మన చేతిలోని ఫోనులోకి వచ్చింది. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వంటి వాటిలో పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, మోటారు సైకిళ్లు, ఫ్రిజ్‌లు, చెరువులకు వాడే ఏరియేటర్లు, చివరకు పాడి గేదెలు కూడా ఫోటో చూసి కొంటున్నారు. కొనేవారు రాజమండ్రిలో, అమ్మేవారు భీమవరంలో. రాశిలో చేయి పెట్టి చూసే అవకాశం ఉండదు. కనబడేది ఫోటో ఒక్కటే. ఆ ఫోటో తీసేవాడు అమ్మేవాడే.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి నీరు పారింది. కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అలాంటి వరదలో మునిగిన బండిని ఒకడు కడిగి, పాలిష్ పట్టించి, కొత్త సీటు కవరు తొడిగి ఫోటో పెట్టాడనుకుందాం. ఇంజనులోకి నీళ్లు పోయిన సంగతి ఎక్కడా చెప్పలేదు. మదీనా బజారులోని ధాన్యానికీ ఈ బండికీ తేడా ఏమిటి? అదీ వానే, ఇదీ వానే. దాచింది మాత్రం మనిషి.

హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనం ఇబ్నె మాజాలో ఉంది. లోపమున్న వస్తువును ఆ లోపం తెలియజేయకుండా తోటి ముస్లింకు అమ్మడం ధర్మసమ్మతం కాదని దాని సారాంశం. ఇక్కడ కొందరు ఒక దొంగదారి వెదుకుతారు. కొనేవాడు ముస్లిమేతరుడు కదా, అతనికి చెప్పాల్సిన పని లేదంటారు. అస్తగ్ఫిరుల్లాహ్! ధాన్యపు రాశి దగ్గర ప్రవక్త (స) కొనేవాళ్లది ఏ మతమని విచారించలేదు. తూకంలో మోసం చేసేవారిని హెచ్చరించే ముతఫ్ఫిఫీన్ సూరా, ప్రజలను మోసగించేవారి గురించి మాట్లాడుతోంది. మన పక్కింటి హిందూ సోదరుడికీ, క్రైస్తవ సోదరుడికీ చెడిపోయిన ఫోను అంటగట్టినవాడు పాపంతో పాటు ఇస్లాంకు చెడ్డపేరు కూడా మూటగట్టుకుంటాడు.

'అడగలేదు కాబట్టి చెప్పలేదు' అనే మాట ఈ వ్యాపారంలో తరచూ వినబడుతుంది. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) తన వస్తువులోని లోపాలను అడగకుండానే ఎత్తిచూపేవారు. ఇలాగైతే వ్యాపారం సాగదని ఎవరో అంటే, ప్రతి ముస్లిం మేలు కోరతానని తాను ప్రవక్త (స)కు ప్రమాణం చేశానని ఆయన జవాబిచ్చారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) స్వయంగా బట్టల వర్తకులు. ఒక వస్త్రంలో లోపముందని, కొనేవారికి చెప్పి అమ్మమని భాగస్వామికి పురమాయించారు. ఆ భాగస్వామి మరచిపోయి అమ్మేశారు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సొమ్మంతా దానం చేసేశారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు.

మరి 'ఉన్నది ఉన్నట్టుగా తీసుకోండి, తరువాత నాకు సంబంధం లేదు' అని ముందే చెప్పి అమ్మితే? హనఫీ ఫిఖహ్ ప్రకారం కొనేవాడు ఆ షరతుకు ఒప్పుకుంటే తిరిగి ఇచ్చే హక్కు పోతుంది. ఇతర ఇమాములు దీనికి మరిన్ని హద్దులు పెట్టారు. కానీ లోపం తెలిసీ ఈ మాట చాటున దాక్కుంటే అల్లాహ్ దగ్గర తప్పించుకోలేడు. ముఅత్తా ఇమామ్ మాలిక్‌లో ఒక సంఘటన ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) లోపాల బాధ్యత తనది కాదనే షరతుతో ఒక బానిసను 800 దిర్హములకు అమ్మారు. అతనికి జబ్బు ఉందనీ, తనకు చెప్పలేదనీ కొన్నవాడు ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందు ఫిర్యాదు చేశాడు. అమ్మేనాటికి ఆ జబ్బు తనకు తెలియదని ప్రమాణం చేయమని ఖలీఫా తీర్పు ఇచ్చారు. ఇబ్నె ఉమర్ ప్రమాణం చేయడానికి ఇష్టపడక, బానిసను వెనక్కి తీసుకున్నారు. తరువాత అతను కోలుకోగా 1500 దిర్హములకు అమ్మారు. ప్రమాణం అంటే వారికి ఎంత భయమో చూడండి.

ఇక కొన్నవారి హక్కుల సంగతి. చూడకుండా కొన్న వస్తువును కళ్లారా చూశాక వద్దనుకునే హక్కు హనఫీ ఫిఖహ్‌లో ఉంది. దీన్ని ఖియారె రూయత్ అంటారు. పట్టుకుని, నడిపి చూస్తేగాని తెలియని వస్తువుకు ఫోటో చూడటం చూపు కిందకు రాదు. కొన్నాక పాత లోపం బయటపడితే తిరిగి ఇచ్చేయడం ఖియారె ఐబ్. పొదుగు నిండుగా కనబడాలని రెండు మూడు రోజులు పాలు పితకకుండా పశువును అమ్మే మోసాన్ని ప్రవక్త (స) నిషేధించి, కొన్నవారికి ఉంచుకోవడమో తిప్పి ఇవ్వడమో ఎంచుకునే అవకాశం ఇచ్చారు. పాడి పశువుల సంతకు వెళ్లిన ప్రతివారికీ ఈ మోసం తెలిసిందే.

ఖియారె ఐబ్‌కు షరతులున్నాయి. లోపం అమ్మినవాడి దగ్గర ఉన్నప్పటిదై ఉండాలి. కొనేటప్పుడు కొన్నవాడికి తెలియకూడదు. తెలిసిన తరువాత కూడా వాడుకుంటూ కూర్చుంటే ఒప్పుకున్నట్టే లెక్క. అతని చేతిలో వస్తువుకు మరో కొత్త దెబ్బ తగిలితే, అమ్మినవాడి ఇష్టం లేకుండా తిప్పి ఇవ్వడానికి లేదు. ధరలో లోపానికి తగినంత భాగం మాత్రం రాబట్టుకోవచ్చు.

ఇలాంటి తగాదా ఒకటి కొంతకాలం క్రితం జుమా తరువాత మా మస్జిద్‌లో నా ముందుకు వచ్చింది. కొన్నది అమలాపురం వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న కుర్రాడు. ల్యాప్‌టాప్ ధర 18,000 రూపాయలు. కువైట్‌లో పనిచేస్తున్న తల్లి పంపిన డబ్బు. అమ్మింది తాడేపల్లిగూడెం వైపు ఆటో నడుపుకునే సోదరుడు. నాలుగు రోజులకే తెర నల్లబడటం మొదలైంది. బోర్డుకు ఇంతకుముందే రిపేరు జరిగిందని మెకానిక్ తేల్చాడు. "నా దగ్గర ఉన్నన్నాళ్లూ బాగానే పనిచేసింది మౌలానా, కావాలంటే ఖుర్ఆన్ పట్టుకుని చెబుతాను" అన్నాడు అమ్మినతను. "అబద్ధం భాయ్, నువ్వు తెలిసే అంటగట్టావు" అన్నాడు కుర్రాడు.

రుజువు తేవాల్సింది ఫిర్యాదుదారుడు, ప్రమాణం చేయాల్సింది కాదన్నవాడు. ఇది షరీఅత్ నియమం. నేను వెంటనే ప్రమాణం చేయించలేదు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) హదీసు ఇద్దరికీ వినిపించాను. వాదనలో నేర్పరి అయినవాడి మాట విని తాను తీర్పు ఇస్తే, తన సోదరుడి హక్కును అలా పొందినవాడు తీసుకునేది అగ్ని ముక్క అని ప్రవక్త (స) హెచ్చరించారు. సాక్షాత్తూ ప్రవక్త తీర్పే పరుల సొమ్మును హలాల్ చేయలేనప్పుడు, ఇమామ్ గారి తీర్పు చేస్తుందా? అసర్ నమాజు దాకా ఆలోచించుకోమన్నాను. అసర్ తరువాత ఆ సోదరుడు ఒక్కడే వచ్చి పక్కన కూర్చున్నాడు. "రిపేరు సంగతి నాకు అమ్మినవాడు చెప్పాడు మౌలానా. అడగలేదు కదా అని ఊరుకున్నాను" అన్నాడు.

అయితే కుర్రాడి చేతిలో ల్యాప్‌టాప్ మడత విరిగింది. కాబట్టి తిప్పి ఇచ్చే హక్కు పోయి, నష్టపరిహారం మిగిలింది. అలాంటిది బాగున్నది 20,000 చేస్తుందని, బోర్డు రిపేరైనది 15,000 చేస్తుందని దుకాణంలో విచారించాం. తేడా నాలుగో వంతు. 18,000లో నాలుగో వంతు 4,500. వస్తువుల అసలు ధరల తేడా 5,000 కదా అని కుర్రాడు అన్నాడు. లెక్క అలా కాదు, తాను చెల్లించిన ధరలోనే ఆ వంతు చూడాలి. ఆటో సోదరుడి దగ్గర అంత సొమ్ము లేదు. సగం అప్పుడే ఇచ్చాడు, సగానికి నెల గడువు అడిగాడు. కుర్రాడు ఒప్పుకున్నాడు. కాగితం రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాం. గడువుతో కూడిన లావాదేవీని రాసుకోమని ఆదేశించే బఖరా సూరాలోని ఆయత్ ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. అయినా మనం నోటిమాటతోనే సరిపెట్టుకుంటాం!

మధ్యవర్తులుగా కూర్చునే మస్జిద్ కమిటీ పెద్దలకు ఒక మనవి. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) మస్జిదె నబవీలో ఒకరిని బాకీ అడుగుతుండగా ఇద్దరి గొంతులూ పెరిగాయి. ప్రవక్త (స) తన గది తెర తొలగించి, సగం వదిలేయమని కఅబ్‌కు చేత్తో సైగ చేశారు. ఆయన ఒప్పుకోగానే, లేచి మిగతాది చెల్లించమని రెండోవారిని ఆదేశించారు. ఇందులో రెండు భాగాలున్నాయి. మన పంచాయితీల్లో మొదటిదే జరుగుతుంది. పేదవాడిచేత సగం వదిలిస్తారు, మిగిలిన సగం ఇప్పించేవారు ఉండరు.

కొన్నవారి తప్పులూ తక్కువేమీ కాదు. నెల్లాళ్లు వాడి, మోజు తీరాక లోపం వంక చెప్పేవారున్నారు. అసలు బ్యాటరీ తీసి పాతది పెట్టి తిప్పి ఇచ్చేవారున్నారు. తగాదా తేలకముందే అమ్మినవాడి ఫోటోతో సహా వాట్సాప్ గ్రూపుల్లో దొంగ అని ప్రచారం చేస్తే, రేపు ఆ నింద తప్పని తేలితే దాన్ని ఎన్ని ఫోన్ల నుంచి తుడవగలరు?

బయానా విషయం కూడా చెప్పాలి. బేరం రద్దయితే బయానా సొమ్ము మింగేయడం హనఫీలతో సహా అత్యధిక ఇమాముల దృష్టిలో ధర్మసమ్మతం కాదు. హంబలీ పండితులు అనుమతించారు. వస్తువులో ఏ లోపమూ లేకపోయినా, కొన్నవాడు పశ్చాత్తాపపడి తీసుకోమని అడిగితే అమ్మినవాడు ఒప్పుకోవడాన్ని ఇఖాలా అంటారు. ఇది విధి కాదు, దయ. అలా ఒప్పుకున్నవాడి తప్పులను ప్రళయదినాన అల్లాహ్ మన్నిస్తాడని అబూ దావూద్, ఇబ్నె మాజా హదీసుల్లో ఉంది.

మాటతో తేలకపోతే చట్టాన్ని ఆశ్రయించడం తప్పు కాదు. పాత వస్తువుల వ్యాపారమే చేసేవాడు అమ్మినట్లయితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. సొంత ఫోనో బండో ఒకసారి అమ్ముకున్న మామూలు మనిషి వ్యాపారి కిందకు రాడు. అతనితో తగాదాకు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్ మంచి దారి. ఇద్దరూ ఒప్పుకున్న రాజీకి అక్కడ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. డబ్బు కొట్టేసిన సైబర్ మోసమైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

పాత ఫోను కొనేముందు *#06# నొక్కి 15 అంకెల నంబరు చూసి, కేవైఎం అని, ఖాళీ వదిలి ఆ నంబరు టైపు చేసి 14422కు సందేశం పంపితే ఆ ఫోను నిషేధించిన జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. దొంగ సొత్తని తెలిసీ కొనడం హరామ్. బండి అమ్మినవారు రిజిస్ట్రేషన్ మార్పిడి అయ్యేదాకా వదిలిపెట్టవద్దు. కాగితం మీ పేరునే ఉండగా ప్రమాదం జరిగితే బాధ్యత మీదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఒక సోదరి అడిగిన ప్రశ్న మిగిలింది. కొన్న పాత ఫోనులో అమ్మినవారి కుటుంబం ఫోటోలు అలాగే ఉన్నాయట, ఏం చేయాలని. డబ్బిచ్చి కొన్నది ఫోనునే, ఆ ఫోటోలను కాదు. అవి అమానత్. తెరిచి చూడకూడదు, ఇతరులకు చూపకూడదు. అమ్మినవారికి ఫోను చేసి కావాలంటే పంపించాలి, అక్కర్లేదంటే చెరిపేయాలి. వారు దొరకకపోయినా చెరిపేయడమే.