క్షమించే హక్కు ఎవరిది?

2019 మార్చి 15, శుక్రవారం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో జుమా నమాజుకు వచ్చినవారిపై ఒక దుండగుడు రెండు మసీదుల్లో కాల్పులు జరిపి 51 మందిని పొట్టనబెట్టుకున్నాడు. మృతుల్లో మన హైదరాబాద్ వారూ ఉన్నారు. భార్యను పోగొట్టుకున్న ఒక సోదరుడు హంతకుణ్ణి క్షమిస్తున్నానన్నాడు. ఎంత విశాల హృదయం! మరి ప్రభుత్వం శిక్షించడం దేనికని కొందరు అడగవచ్చు.

హతుని వారసులకు క్షమించే హక్కు ఉందని దివ్యఖుర్ఆన్ (2:178) తెలుపుతోంది. అయితే ఆ సోదరుడు తన భార్య తరఫున క్షమించగలడు గాని, మిగతా 50 మంది తరఫున కాదు. పైగా ద్వేషంతో పేల్చిన తూటా ఏ ఒక్కరి కోసమో పేల్చింది కాదు కదా! మసీదు గడప తొక్కడానికి జంకే పసివాడి తరఫున ఎవరు క్షమిస్తారు? ఆ బాధ్యత పాలకులదే.

అక్కడి పార్లమెంటు నెల తిరక్కముందే సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించింది. 2020 ఆగస్టులో కోర్టు హంతకుడికి పెరోల్ లేని యావజ్జీవ శిక్ష విధించింది. మెచ్చదగిన పనులే. కాని మతద్వేషాన్ని రెచ్చగొట్టడాన్ని కూడా నేరంగా పరిగణించే బిల్లును 2023లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. వాక్‌స్వాతంత్ర్యం కావాలి, అది మనకూ అవసరమే. అయినా తుపాకీని లాక్కొని, దాన్ని చేతికిచ్చిన మాటను వదిలేస్తే ఆ పసివాడికి ఏమని చెప్పి మసీదుకు తీసుకెళ్ళాలి?