మన యింటి పునాదిలోని బాకీ

క్రొత్త యింటికి శంకుస్థాపన జరుపునపుడు మనవారు గడ్డపార దించుటకు ముందే భూమాతను పూజించి క్షమాపణ వేడుకొందురు. ఆ నేలపై అంతవరకు నివసించిన ప్రాణులను మరియొక తావునకు తరలి సుఖముగా నుండుడని ప్రార్థించుటయు మన ఆచారమే. ట్రుగనీనాలో ఇట్టి భూమిపూజలు ఎన్నియో జరిగినవి. ఆ క్షమాపణ మంత్రముతోనే ముగియునా, లేక మనపై ఏదైన బాధ్యతను మోపునా? సోదర సోదరీమణులారా, ఈ ప్రశ్నను మీతో కలిసి విచారింపగోరుచున్నాను.

మన ఊరికి ట్రుగనీని అను టాస్మేనియా ఆదివాసి వనిత పేరు వచ్చినది. పూర్వము అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాతి మైదానమిది. నిన్న మొన్నటివరకు గొఱ్ఱెలు మేసిన బీళ్లు, వానికి హద్దులుగా సున్నము లేకయే పేర్చిన రాతిగోడలు ఈ ప్రాంతపు గుర్తులు. 2021 జనగణన నాటికి ఇచ్చట 36,000 మందికి పైగా నివసించుచుండిరి. తెల్లవారు వచ్చుటకు ముందు ఈ మైదానమంతట వ్యాపించియున్న సహజమైన పచ్చికబయలులో నేడు మిగిలినది నూటికి ఐదు పాళ్లకంటె తక్కువ. 2008లో ఆస్ట్రేలియా ప్రభుత్వము దానిని అంతరించిపోవు ప్రమాదము మిక్కిలి తీవ్రముగా నున్న ప్రకృతిసంపదగా ప్రకటించినది.

2010లో మెల్బోర్న్ నగరపు ఎల్లను విస్తరింపజేసినపుడు ఒక ఒడంబడిక జరిగినది. ఇండ్ల క్రింద పోవు పచ్చికబయలునకు బదులుగా, నగరమునకు పడమట 15,000 హెక్టారుల భూమిని విక్టోరియా ప్రభుత్వము 2020 లోపల కొని శాశ్వతముగా కాపాడవలెను. అందులకగు ధనమును భూమిని ఇండ్లస్థలములుగా మార్చువారి నుండి వసూలు చేయవలెను. కాని 2020లో ఆ రాష్ట్రపు ఆడిటర్ జనరల్ పరిశీలించునాటికి కొన్నది ఇంచుమించు పదింట ఒక వంతు మాత్రమే. ఈలోపల కలుపుమొక్కలు వ్యాపించినవి. ఆ భూముల రైతులు తమ పొలములను ప్రభుత్వము ఎప్పుడు తీసికొనునో తెలియక ఎదురుచూచుచుండిరి.

"మేము వెల చెల్లించి స్థలము కొంటిమి, మా తప్పేమున్నది?" అని మీరు అడుగవచ్చును. తప్పు లేదు. తలదాచుకొనుటకు ఇల్లు కోరుట పాపము కాదు. అయితే పాపము వేరు, ఋణము వేరు. తండ్రి యిల్లు అనుభవించు కుమారుడు తాను వ్రాయకున్నను తండ్రి వ్రాసిన పత్రమును త్రోసిపుచ్చజాలడు. మన యిండ్లు లేచుటకు అనుమతి ఆ మాట మీదనే లభించినది. ఆ మాట చెల్లువరకు మన పునాదిలో ఒక బాకీ మిగిలియుండును.

భూరక్షణ యొక్క రెండవ ముఖము కూడ మనకు తెలియును. 1879 మొదలు 1916 వరకు అరువదివేల మంది గిర్మిట్ ఒప్పందముపై ఫిజీకి కొనిపోబడిరి. 1903 తరువాత మదరాసు రేవు నుండి వెడలినవారిలో మన తాతముత్తాతలు కలరు. వారు కూలిలైన్లలో బ్రదికి, పరుల నేలపై చెఱకు పండించిరి. ఫిజీలో నూటికి ఎనుబది పాళ్లకు మించిన భూమి మూలవాసులది. దానిని ఎవరికిని అమ్మరాదు. 1940లో ఏర్పడిన నేటివ్ ల్యాండ్ ట్రస్ట్ బోర్డు దానిని కౌలునకు మాత్రమే ఇచ్చుచు వచ్చినది. 1976 చట్టము క్రింద ముప్పది యేండ్ల కౌలుపై సాగుచేసిన మనవారిలో అనేకులు, 1997 మొదలు గడువులు తీరగా, తమ చేతులతో నాటిన తోటలను విడిచి వచ్చిరి.

ఆ కన్నీరు మనము మరువలేము. అయినను ఒక సత్యమును ఒప్పుకొనవలెను. ఫిజీ మూలవాసుల నేల నేటికిని వారి చేతిలోనే యున్నది. ట్రుగనీని జాతివారిని కాపాడుటకు అట్టి చట్టమేదియు లేకపోయెను. కావున భూమిని కాపాడుట ధర్మమే. ఆ భారమంతయు దానిని దున్నిన ఒక్కని నెత్తిన మోపుటయే అధర్మము. మనము ఆ భారమును మోసినవారము. కనుకనే ఇచ్చట దానిని పరులపై నెట్టుట మనకు తగదు.

ఇచ్చటి పచ్చిక మిగిలియున్నదన్నచో, రాతినేలను దున్నక గొఱ్ఱెలను మితముగా మేపిన రైతుల పాత్ర అందు కలదు. ఈ గడ్డి కంచె వేసి వదలినంతమాత్రమున బ్రదుకదు. తగు సమయమున మేపవలెను, లేదా నిప్పుపెట్టి కాల్చవలెను. అట్లు చేయనిచో గడ్డి ముదిరి గుబురై పూలమొక్కలకు చోటు మిగులదు. ఈ నేలను వేలయేండ్లు నిప్పుతో సాకిన ఆదివాసులకు ఇది తెలిసిన విద్య. రక్షణకు మనిషి చేయి కావలెను, ఆ చేతికి తగిన ప్రతిఫలము కావలెను. 1972 చట్టముచే విక్టోరియాలో స్థాపితమైన ట్రస్ట్ ఫర్ నేచర్ అను సంస్థ చూపిన మార్గము ఇందుకు తగినది. భూమి యజమాని తన యిష్టముతో ఒక నిబంధన పత్రము వ్రాయును. భూమి అతనిదే, అమ్ముకొనవచ్చును, బిడ్డలకు ఇయ్యవచ్చును. కాని ఆ నిబంధన తరువాతి యజమానులను సైతము బంధించును.

మనము చేయదగినది కొంత కలదు. మన ప్రతినిధులు ఓట్లకై వచ్చినపుడు రోడ్లు, బడులతోపాటు ఆ 15,000 హెక్టారుల సంగతిని కూడ అడుగుదము. రైతునకు న్యాయమైన వెల జాప్యము లేక ముట్టవలెనని కోరుదము. నగరపు ఎల్లకు ఆవలి పొలము రేపు ఇండ్లస్థలమగునను ఆశతో దానిని కొనుటకు ముందు ఒక్క క్షణము ఆగి ఆలోచింతము. మనకు కాలీఫ్లవరు, లెట్యూసు అందించు వెరిబీ సౌత్ తోటలను బిడ్డలకు చూపుదము.

భూమాతను వేడిన క్షమాపణ నాడు సత్యమగును. ఆ బాకీ తీరినపుడే మన గృహప్రవేశము పూర్తియైనట్లు. శుభమస్తు.