ఎవరు వ్రాసిన జవాబు?



నడివయస్సున పుస్తకము పట్టినవారిని చూచి నవ్వుట మన ఊళ్లలో ఇంకను పోలేదు. “ఈ వయస్సులో బీ.ఏ. ఎందుకు?” అని సంఘములోనివారే అడుగుదురు. ఒకప్పుడు నేనును అట్లే తలంచినవాడను. ఆ తలంపును విడుచుటకు కారణమైన ఒక సంగతిని, దానితో కూడ వచ్చిన ఒక చిక్కు ప్రశ్నను మీ యెదుట ఉంచుచున్నాను.

మా సంఘములో ఒక సహోదరి కలదు. వయస్సు 38. ఇంటర్మీడియెట్ ముగియగానే పెండ్లి, తరువాత ఇద్దరు బిడ్డలు, కుట్టుమిషను. నిరుడు ఆమె ఆన్‌లైన్‌లో బీ.ఏ. చదువుటకు చేరెను. పగలెల్ల కుట్టుపని. రాత్రి తొమ్మిది గంటలకు మిషను బల్లమీద సెల్‌ఫోను నిలిపి పాఠములు వినును. ఆ వేళ గిన్నెలు కడుగునది అత్తగారు. బిడ్డలను పండుకొనబెట్టునది భర్త.

ఇంటనుండి చదువుట నిన్న మొన్న పుట్టిన వింత కాదు. లండన్ విశ్వవిద్యాలయము 1858లోనే కళాశాలకు రానివారికిని తన పరీక్షలను తెరిచెను. మన దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన హైదరాబాదులోనే వెలసినది. 1991లో దానికి డాక్టర్ అంబేద్కరుగారి పేరు పెట్టిరి. ఇందిరాగాంధీ పేరిటి జాతీయ విశ్వవిద్యాలయము 1985లో ఢిల్లీలో ఏర్పడెను. 2020 నాటి యూజీసీ నిబంధనల ప్రకారము, గుర్తింపు గల ఆన్‌లైన్ పట్టా కళాశాలకు వెళ్లి పొందిన పట్టాతో సమానము. గుర్తింపు లేనిచోట రుసుము కట్టి ఏడ్చినవారిని నేనెరుగుదును గనుక ఒక మాట: చేరకముందే యూజీసీ వారి జాబితా చూచుకొనుడి.

ఒక సాయంకాలము ఆమె మా ఇంటికి వచ్చి గుమ్మమునొద్దనే నిలిచెను.

“అయ్యగారూ, టౌన్లో ఒకాయన డబ్బు తీసుకుని అసైన్‌మెంట్లు రాసి ఇస్తాడట. అందరూ అదే చేస్తున్నారట. ఫోనుని అడిగినా అదే రాసి పెడుతుందని మా అబ్బాయి అంటున్నాడు. తప్పా అండీ?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. అది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అసైన్‌మెంట్లకు నూటికి 30 మార్కులకు మించి ఉండవు. తక్కినవి పరీక్షలో తానే వ్రాసి తెచ్చుకొనవలెను. ఎవరి సొమ్మును తీయలేదు, ఏ పొరుగువానిని గాయపరచలేదు. ఉదయము ఐదింట లేచిన స్త్రీ అలసటను ఎరుగక, పీఠముమీదనుండి దొంగతనమని పలుకుట నాకు చేతకాలేదు.

నా నోరు కట్టివేసిన సంగతి మరియొకటి కలదు. 25 సంవత్సరముల క్రిందట నన్నొక క్రొత్త సంఘమునకు పంపిరి. అక్కడ ఉపాధ్యాయులు పలువురు. నా మాట వారికి ఆనదేమోనని భయపడితిని. ఒక పండుగ ఆదివారమున అచ్చుపుస్తకములోని ప్రసంగమును నాదియే అన్నట్లు చెప్పితిని. ఆరాధన ముగియగానే ఒక వృద్ధుడు నా చేయి పట్టుకొని, “ఈ వారమంతా మాకోసం ఎంత కష్టపడ్డారో అయ్యగారూ” అనెను. నేను చిరునవ్వు నవ్వి ఊరకుంటిని. పుస్తకము వ్రాసినవానికి నావలన పోయినదేమియు లేదు. మోసపోయినవాడు నా చేయి పట్టుకొన్న ఆ పెద్దాయన. ఆయన ఇంటి బియ్యమునే ఆ వారము మేము తింటిమి.

ఈ సంగతిని ఆమెకు దాచక చెప్పితిని. పిమ్మట ఇద్దరము కూర్చుండి లెక్క వేసితిమి. గోపురము కట్టబూని ఖర్చు చూచుకొననివాని ఉపమానము మీరెరుగుదురు గదా. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయము వారి లెక్కలో ఒక క్రెడిటు అనగా 30 గంటల చదువు. ఆరు క్రెడిట్ల పాఠ్యాంశమొకటి చదువవలెనన్న 180 గంటలు. రాత్రికి గంటన్నర చొప్పున 120 రాత్రులు.

“ఈ 120 రాత్రులు ఎవరివమ్మా?” అని అడిగితిని.

ఆమె కొంతసేపు మాటాడలేదు. “మా అత్తమ్మవి” అనెను.

చదువరీ, ఎవరికి నష్టమని అడిగినప్పుడు మనము విశ్వవిద్యాలయమును, మార్కులను, పట్టుబడుటను తలంతుము. కోడలు చదువుచున్నదని నమ్మి, మోకాళ్ల నొప్పితో తొట్టియొద్ద కూర్చున్న ముసలితల్లిని తలంపము. తెలియని మాటకు అర్థమును ఫోనునడిగినను, గురువునడిగినను నాకు ఆక్షేపణ లేదు. అది చదువులో భాగమే. వేరొకరి వ్రాతక్రింద తన పేరు పెట్టుట వేరు.

లేవబోవుచు ఆమె మెల్లగా అనెను: “డబ్బు కోసం కాదండీ, బద్ధకం కాదు. రాసి ఇరవై ఏళ్లయింది. నా తెలుగు చూసి నవ్వుతారని.”

నేను ఆమె అలసటను మాత్రమే చూచితిని, భయమును చూడలేదు. నా భయమును ఆమెకు అప్పుడే చెప్పియుండియు, ఆమె భయము నా కంటబడలేదు.

నాలుగు దినముల తరువాత ఆమె ఒక కాగితము తెచ్చెను. కుట్టుకొలతలు వ్రాసికొను పుస్తకమునుండి చింపినది, అరపుట జవాబు. దానికి మూడు రాత్రులు పట్టెనట. రెండు తప్పులున్నవి. నేను దిద్దలేదు, పాఠములో ఎక్కడ చూడవలెనో చెప్పి తిరిగి ఇచ్చితిని. రెండవ జవాబు పుటనిండ వచ్చెను. మూడవది నాకు చూపనేలేదు.

మార్కులు వచ్చినవని విని, ఎన్ని వచ్చినవో నేను అడుగలేదు. ఆదివారము ఆరాధన తరువాత అత్తగారే కఱ్ఱ పట్టుకొని నా యొద్దకు వచ్చి చెప్పెను.