రంగు ఎవరిది?

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సుని చీల్చుకుంటూ పోతుంది. ఒక జనవరి పొద్దున ఆ రోడ్డు పక్కన నిలబడి ఫ్లెమింగోలని చూశాను. మెడ వంచి, తలకిందులుగా ముక్కు నీళ్ళలో పెట్టి మేస్తున్నంతసేపూ దాదాపు తెల్లగానే ఉన్నాయి. రెక్క విప్పగానే లోపల దాచుకున్న ఎరుపు, అంచున నలుపు.

ఫోన్ తీసి వెతికాను. గ్రేటర్ ఫ్లెమింగో: ఐయుసిఎన్ ఎర్ర జాబితాలో 'లీస్ట్ కన్సర్న్'. అంటే దాని గురించి పెద్దగా దిగులక్కర్లేదు. లెస్సర్ ఫ్లెమింగో మాత్రం 'నియర్ త్రెటెన్డ్', ప్రమాదానికి దగ్గర్లో ఉంది. నా ముందున్నవి పెద్దవే. హమ్మయ్య అనుకుని ఫోటోల్లో పడ్డాను.

పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయనతో, "ఈసారి బాగానే వచ్చినట్టున్నాయి" అన్నాను.

"నీళ్ళు యాడుంటే ఆడికి పోతాయి నాయనా అవి. మేం యాడికి పోతాం?" అన్నాడు, తలెత్తకుండా.

నా హమ్మయ్య అక్కడ ఆగిపోయింది.

ఆ ఎరుపు పక్షి పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. పిల్లలు బూడిదరంగులో పుడతాయి. నీళ్ళలోని నాచు, చిన్నచిన్న రొయ్యల్లాంటి జీవుల నుంచి వచ్చే కెరోటినాయిడ్లు ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితేనే ఆ రంగు. జూలో సరైన మేత పెట్టకపోతే వెలిసిపోతాయి. అంటే నేను ఫోటో తీసుకున్న రంగులో అవి మేసిన నీళ్ళన్నీ ఉన్నాయి. పులికాట్‌ది కూడా ఎంతో కొంత ఉండే ఉంటుంది.

మరి ఆ సరస్సు సంగతి? కాళంగి, స్వర్ణముఖి, అరణి నదుల మంచినీళ్ళూ సముద్రపు ఉప్పునీళ్ళూ కలిస్తేనే అది బతుకుతుంది. సముద్ర ముఖద్వారంలో ఇసుక మేట వేస్తే ఆ రాకపోకలు తగ్గుతాయి. చేపలూ తగ్గుతాయి. ఎండాకాలం ఉత్తరం వైపు నేల బీటలు వారుతుంది. ఫ్లెమింగోకి ప్రపంచంలో ఇంకా చాలా నీళ్ళున్నాయి కాబట్టి ఇదేదీ దాని పేరు పక్కనున్న ఆ రెండు మాటల్లో కనిపించదు.

జాబితాని తప్పుపట్టడం తేలికే. కానీ డబ్బూ మనుషులూ తక్కువున్నప్పుడు ముందు ఎటు పరిగెత్తాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా. వైద్యులైనా అంతే చేస్తారు. జాబితా తన పని తాను చేసింది. ఒక జాతి అంతరిస్తుందా లేదా అన్న ప్రశ్నకి జవాబిచ్చింది. ఆ జవాబుని, నేనిక్కడ దేన్ని పట్టించుకోవాలి అన్న నా ప్రశ్నకి అతికించుకున్నది నేను. ఇంటి మనుషుల విషయంలోనూ ఇదే చేస్తాను. ప్రాణం మీదకి రానంతవరకూ 'బానే ఉన్నారు' అనుకుంటాను.

ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. రెక్కలు బాగా పడ్డాయి. పెద్దాయన ఒక మూల సగమే పడ్డాడు. దాన్ని కత్తిరించి పోస్ట్ చేద్దామనుకున్నాను. కత్తిరించలేదు.