బండి ఎక్కడుందండీ?

అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి - నరసాపురం లైను వస్తుందని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. గోదావరి పాయల్లో స్తంభాలు లేచాయి, బండి మాత్రం ఇంకా రాలేదు. అయినా, కాదు, అందుకే, రైల్వే ఎంక్వైరీ అవసరం మా వాళ్ళకున్నంతగా రాజమండ్రి వాళ్ళకి ఉండదేమో అనిపిస్తుంది నాకు. కొవ్వూరు వైపు నుంచి వచ్చే బండి బ్రిడ్జి ఎక్కితే గోదావరి గట్టునున్న వాళ్ళకి చప్పుడు తెలుస్తుంది. మాకు అలా కాదు. రావులపాలెం, జొన్నాడ మీదుగా బస్సులో రెండు గంటలు వెళ్తేగానీ స్టేషను రాదు. బండి ఆలస్యమైతే ఇంట్లో అన్నం తిని నిమ్మళంగా బయల్దేరొచ్చు. టైముకే వస్తుంటే పరిగెత్తాలి. ఏది చెయ్యాలో అరవై చిల్లర కిలోమీటర్ల దూరంలో కూచుని తేల్చుకోవాలి.

మా నాన్న ఎస్టీడీ బూత్‌కి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. 0883 కొట్టి, ఆ తర్వాత స్టేషను నంబరు. సగంసార్లు ఎంగేజ్. దొరికిన రోజున మాత్రం మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెడుతుంటే, ఒకటే ప్రశ్న అడిగేవాడు: "బండి ఎక్కడుందండీ?" ఎప్పుడొస్తుందని అడిగేవాడు కాదు. అవతలాయన "తుని దాటిందండి" అనో, "ఇంకా రిపోర్టు రాలేదండి" అనో చెప్పి పెట్టేసేవాడు. తుని దాటితే అన్నవరం, సామర్లకోట, ద్వారపూడి, ఇక్కడ ఇంతసేపు, అక్కడ క్రాసింగ్ పడితే ఇంకొంతసేపు అని వేళ్ళమీద లెక్క వేసుకుంటూ ఇంటికొచ్చేవాడు.

ఎక్కడుంది, ఎప్పుడొస్తుంది. ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని చాలాకాలం అనుకున్నాను. కాదని గత ఏడాది తెలిసింది. తెలిసిన పద్ధతి బాగాలేదు.

హైదరాబాదులో పెద్దమ్మకి ఆపరేషను. ముందురోజు రాత్రికల్లా చేరి, థియేటర్లోకి తీసుకెళ్ళేలోపు అక్కని చూడాలని అమ్మ పట్టు. సాయంత్రం 5కి రాజమండ్రిలో బండి. మధ్యాహ్నం ఫోన్ చేసి ఆలస్యమేమో చూడమంది. నేను ఆఫీసులో మీటింగుకి వెళ్తూ యాప్ తెరిచాను. 2 గంటల 20 నిమిషాలు ఆలస్యం అని ఉంది. "7.20కి వస్తుందమ్మా, 5 గంటల బస్సు ఎక్కు చాలు" అన్నాను. ఆ బండి అప్పుడే విజయనగరం దాటింది. విశాఖలో ఆగాల్సిన సమయం కొంత తగ్గించుకుని, టైంటేబుల్లోనే ఉండే మిగులు నిమిషాలు కలుపుకుని, దారిలో నలభై నిమిషాలు లాక్కొచ్చేసింది. 6.40కి రాజమండ్రి వచ్చి వెళ్ళిపోయింది. అమ్మ ఏడు దాటాక స్టేషను ముందు ఆటో దిగింది.

మర్నాడు మధ్యాహ్నానికి చేరింది. ఆపరేషను అయిపోయింది, పెద్దమ్మ బాగానే ఉంది. ఏ నష్టమూ జరగలేదనే చెప్పాలి. నేను యాప్ గురించీ, ఆలస్యం లెక్కలెలా మారతాయన్న దాని గురించీ వివరించబోతే అమ్మ మధ్యలో ఆపింది. "యాప్ సంగతి నాకేం తెల్సురా. నువ్వే కదా చెప్పావు" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను అబద్ధం చెప్పానా? లేదు. తెరమీద ఉన్నదే చెప్పాను. యాప్ అబద్ధం చెప్పిందా? దానికున్న సమాచారం మేరకు అంచనా వేసింది. ఎవరూ అబద్ధం ఆడలేదు, అమ్మకి మాత్రం నిజం చేరలేదు. అబద్ధికుడు లేకుండానే అబద్ధం ఎలా తయారవుతుంది?

మన న్యాయదర్శనం వాళ్ళు దీని గురించి చాలా ఆలోచించారు. ఒకరు చెప్పగా తెలుసుకోవడాన్ని వాళ్ళు 'శబ్దం' అని విడిగా ఒక ప్రమాణంగా లెక్కవేశారు. అయితే ఎవరు చెప్పినా చాలదు, ఆప్తుడు చెప్పాలి. తెలుగులో మనం ఆప్తుడంటే దగ్గరివాడు, కావలసినవాడు అనుకుంటాం. న్యాయంలో ఆప్తుడంటే నమ్మదగ్గ మాట చెప్పేవాడు. న్యాయసూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు (కామసూత్రాల ఆయన వేరు) ఆప్తుడికి ఉండాల్సినవి మూడు చెప్పాడు. విషయాన్ని తాను నేరుగా ఎరిగి ఉండటం, వినేవాళ్ళ మీద దయ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న కోరిక. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటేనని కూడా అన్నాడు. అంటే ఎంక్వైరీ గుమాస్తా కూడా, ఆ మూడూ ఉంటే, ఆప్తుడే.

నన్ను ఈ కొలతతో కొలుచుకున్నాను. అమ్మ మీద దయ, ప్రేమ ఉన్నాయి, అందులో సందేహం లేదు. నేరుగా ఎరిగి ఉండటం లేదు. అది తప్పు కాదు, హైదరాబాదులో ఉన్నవాడికి విజయనగరంలో బండి ఎలా కనపడుతుంది? నా తప్పు మూడోదాంట్లో ఉంది. ఉన్నది "విజయనగరం దాటింది, ఇప్పటికి ఇంత ఆలస్యం" అని. నేను చెప్పింది "7.20కి వస్తుంది" అని. మొదటిది ఎవరో చూసిన విషయం. రెండోది ఎవరూ చూడనిది. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే అమ్మ ఏం చేసేదో నాకు తెలుసు. "విశాఖలో సర్దుకుంటుందిలే" అనుకుని ఓ గంట ముందే బయల్దేరేది. నాన్న వేళ్ళమీద లెక్కలు ముప్ఫై ఏళ్ళు పక్కనుండి విన్న మనిషి. నేనిచ్చిన అంకె ఆమెకి ఏ విషయమూ నేర్పలేదు, ఉన్న అనుమానాన్ని పోగొట్టింది. ఆ అనుమానమే ఆమె తెలివి.

ఇదంతా చదివి, పాతరోజుల్లో మనుషులుండేవారు, ఇప్పుడు యంత్రాలొచ్చి పాడుచేశాయి అని నేను తేలుస్తానని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలా తేల్చేయాలనే ఉండింది. అమ్మే ఒప్పుకోలేదు. లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా ఉన్న రోజుల్లో 139 నంబరు వచ్చింది. దేశంలో ఎక్కణ్ణుంచి చేసినా అదే నంబరు, భాష ఎంచుకుని తెలుగులో వినొచ్చు. (2021 నుంచి రైల్వే ఫిర్యాదులకీ, అత్యవసర సాయానికీ కూడా అదే నంబరు.) అమ్మకి అదంటే ఇష్టం. ఎందుకంటే "అది కసరదు". కౌంటరు దగ్గర నిలబడి అడిగిందే మళ్ళీ అడిగితే విసుక్కునే మొహం, మాట తీరుని బట్టి, చీరని బట్టి మారే జవాబు ఆమెకి బాగా తెలుసు. మా నాన్న మాస్టారు, ఫోనులో తన పేరు ముందే చెప్పుకునేవాడు, జవాబు మర్యాదగా వచ్చేది. అదే బూత్‌లో మా వెనక నిలబడ్డ పాలేరుకి అలాగే వచ్చేదా? వాత్స్యాయనుడు చెప్పేవాడు ఎవరైనా ఒకటే అన్నాడు. వినేవాడు ఎవరైనా ఒకటే అన్నది యంత్రమే ఆచరణలో పెట్టింది. ఇది చిన్న విషయం కాదు.

ఎరుక విషయంలోనూ యంత్రానిదే పైచేయి. పాత గుమాస్తా కూడా బండిని చూసి చెప్పేవాడు కాదు. ఒక్కో స్టేషను మాస్టరూ బండి దాటిన టైము కంట్రోలుకి ఫోనులో చెప్తే, అక్కడ సెక్షన్ కంట్రోలరు చార్టు మీద గీత గీస్తే, అందులోంచి కొంత ఎంక్వైరీకి చేరేది. ఇప్పుడు కంట్రోలు ఆఫీసు చార్టు కంప్యూటర్లో ఉంది. అక్కడి వివరాలు నేషనల్ ట్రెయిన్ ఎంక్వైరీ సిస్టమ్‌కి వెళ్తాయి. ఇస్రో సాయంతో కొన్ని ఇంజన్లలో పెట్టిన పరికరాలు రెండు స్టేషన్ల మధ్యన కూడా ప్రతి 30 సెకన్లకీ బండి జాడ చెప్తాయి. 'వేర్ ఈజ్ మై ట్రెయిన్' యాప్ ఇంటర్నెట్ లేకపోయినా, బండిలో ఉన్నవాడి ఫోనుకి అందే సెల్ టవర్లని బట్టి ఎక్కడున్నదీ చూపిస్తుంది. దాని పేరులో కూడా మా నాన్న ప్రశ్నే ఉంది, గమనించారా?

మరి ఇంత ఎరుక ఉన్నచోట లోపం ఎక్కడ? ఎడ్వర్డ్ క్రెయిగ్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1990లో వచ్చిన 'నాలెడ్జ్ అండ్ ద స్టేట్ ఆఫ్ నేచర్' అనే చిన్న పుస్తకంలో ఒక తేడా చూపిస్తాడు. సమాచారం ఇచ్చే వస్తువు వేరు, సమాచారం చెప్పే మనిషి వేరు. చెట్టు నరికితే వలయాలు వయసు తెలుపుతాయి, కానీ చెట్టు మనకేమీ 'చెప్పలేదు'. చెప్పే మనిషి మనం ఎందుకు అడుగుతున్నామో పోల్చుకోగలడు, అడగని దాన్ని కూడా జోడించగలడు. యాప్‌ని నేను వలయాల్లా చదవాల్సింది. చదివి, అమ్మకి మనిషిలా చెప్పాల్సింది. నేను తిరగేశాను. యాప్‌ని మనిషిలా నమ్మి, అమ్మకి యంత్రంలా అంకె చదివాను.

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడు ఈ తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. అవతల నరసాపురం. ఎప్పుడొస్తుందని అడిగితే రేవులో ఎవరూ టైము చెప్పరు. "ఆయ్, ఇప్పుడే ఎల్లిందండి. అటేపు నిండితే వచ్చేత్తాది" అంటారు. అది గడియారం కాదు, షరతు. పండగరోజైతే తొందరగా నిండుతుందనీ, వాన పడుతుంటే నిండదనీ మనం లెక్క వేసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరికలూ అంతే. 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మీ వీధిలోకి ఎన్నింటికి నీళ్ళొస్తాయో అది చెప్పదు. బ్యారేజీ దగ్గర కొలిచింది చెప్తుంది. ఏ హెచ్చరికకి ఏ కాజ్‌వే మునుగుతుందో, ఎప్పుడు గొడ్లని గట్టెక్కించాలో లంకలవాళ్ళకి తెలుసు. చెప్పేవాడు తనకి తెలిసిన దగ్గర ఆగాడు కాబట్టి వినేవాడి తెలివికి చోటు మిగిలింది.

ఇప్పుడు నా వృత్తి సంగతి చెప్పాలి, ఇది దాస్తే ఈ వ్యాసం కూడా యాప్‌లాంటిదే అవుతుంది. బస్సులు ఎక్కడున్నాయో చూపించే ఒక వ్యవస్థకి కొన్నేళ్ళు కోడ్ రాశాను. బస్సు నుంచి సిగ్నల్ ఆగిపోతే తెరమీద ఏం చూపించాలన్నది అప్పట్లో పెద్ద చర్చ. "సమాచారం లేదు" అంటే జనం యాప్ మూసేస్తారని అందరం అనుకున్నాం. చివరిగా తెలిసిన వేగాన్ని పట్టుకుని నిమిషాలు తగ్గిస్తూ పోవాలని తేల్చాం. ఆ నాలుగు లైన్లూ నేనే రాశాను. బస్సు ఎక్కడో పంక్చరై ఆగిపోయినా, తెరమీద పన్నెండు, పదకొండు, పది అని దిగుతూ వస్తుంది. ఆ అంకెని నమ్మి రాత్రిపూట హైవే పక్కన ఎవరు ఎంతసేపు నిలబడ్డారో మా లెక్కల్లో ఎప్పుడూ కనపడలేదు, ఎందుకంటే వాళ్ళెవరూ యాప్ మూసెయ్యలేదు.

యంత్రానికి దయ ఉండదంటారు. నిజమే. కానీ ఆ రోజు ఆ గదిలో ఉన్నది యంత్రం కాదు, ఆరుగురం మనుషులం. "చివరిగా 14 నిమిషాల క్రితం తాడేపల్లిగూడెంలో కనపడింది" అన్న వాక్యం రాయడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. తెలీదని చెప్పే ధైర్యం, అవతలివాడు లెక్క వేసుకోగలడన్న గౌరవం ఉంటే చాలు. వాత్స్యాయనుడి మూడింట్లో దయ అంటే ఓదార్పు మాట అని అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఈ గౌరవమేనేమో అనిపిస్తోంది. ఖాళీ తెర చూస్తే కంగారుపడతారని అంకె చూపించడం కూడా దయలాగే ఉంటుంది, నేను అమ్మ మీద చూపించింది కూడా ఆ రకందే. ఆమె కంగారు తగ్గించాలనుకున్నాను. ఆమె బండి తప్పించాను.

మొన్న మళ్ళీ అమ్మ ఫోన్ చేసింది, ఈసారి మా ఇంటికి రావడానికి. "1.10కి విజయనగరంలో ఉందమ్మా, ఇప్పుడు 1.40. గంటన్నర ఆలస్యం చూపిస్తోంది. ఇంతకుమించి నాకు తెలీదు" అన్నాను. ఒక క్షణం ఆగి "సరే, నేను చూసుకుంటాలే" అని పెట్టేసింది. నాలుగింటికల్లా రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద కూచుని పులిహోర తింటూ మళ్ళీ ఫోన్ చేసింది. బండి సామర్లకోట దాటిందట. ఎవర్నడిగావంటే, పక్క బెంచీ ఆవిడ చెప్పిందంది. ఆవిడ తమ్ముడు అదే బండిలో వస్తున్నాడు.